కార్యకర్త
పెనుకొండ బస్టాండు దగ్గర ఫ్లెక్సీలో పైన నాయకుడి నిలువెత్తు బొమ్మ, అట్టడుగున చీమల బారులాంటి అక్షరాల్లో ‘ఇట్లు, కార్యకర్తలు’. ఆ మాట అంత కిందికి జారిపోవడం చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. కార్యం, కర్త రెండూ ‘కృ’ ధాతువు బిడ్డలే. చేయవలసిన పని, దాన్ని చేసేవాడు. విజయనగర కాలపు శాసనాల్లో కార్యకర్త అంటే రాజుకో, సైన్యాన్ని పోషించే షరతుతో నాయంకరంగా సీమ పొందిన దొరకో బదులుగా అధికారం నడిపేవాడు. దొర దండయాత్రలో ఉన్నా, హంపీలో కొలువులో ఉన్నా, సీమలో పన్ను మాఫీ చేసేదీ, గుడికి మాన్యం రాసిచ్చేదీ అతనే. దొర తరఫున రాజధానిలో ఉండేవాడు స్థానాపతి. ఈ పెనుకొండే అప్పుడు విజయనగర సామ్రాజ్యంలో ‘రాజ్యం’ అని పిలిచే ఒక ప్రాంతానికి ముఖ్యపట్నం. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత తిరుమలరాయలు వచ్చి రాజధానే చేసుకున్నాడు. రాయల పేర ఏలడానికి మధురకు వెళ్లిన తెలుగు నాయకులనూ ‘కర్తలు’ అనే పిలిచారు. క్రమంగా వాళ్లే ప్రభువులయ్యారు. గుడి ధర్మకర్తలో ఆ పెద్దరికం ఇంకా ఉంది. అపరకర్మల్లో తలకొరివి పెట్టే కొడుకునూ మనం ‘కర్త’ అనే అంటాం. మా నాయన పోయిన రోజు పురోహితుడు “కర్త ఎవరు?” అని అడిగితే, తడి పంచెతో ముందుకొచ్చి నిలబడింది నేనే.