వింటినుండి మీట తుపాకి వఱకు



మా ఏర్పేటి సీమలో వేటకథ వినని పెద్దలు లేరు. ఒక ప్రక్క శ్రీకాళహస్తి. అచట వింటిని చేతబట్టిన తిన్నడు కన్నప్పయై శివసాయుజ్యము నొందెనని మన నమ్మిక. మఱియొక ప్రక్క గుడిమల్లము. అచటి పరశురామేశ్వరుని లింగముపై చెక్కిన మూర్తి భుజమున గండ్రగొడ్డలిని, చేతిలో కాళ్లు పట్టి వ్రేలాడదీసిన పొట్టేలును ధరించి వేటగాని పోలికను నిలిచియున్నది. ఆ లింగము క్రీస్తునకు పూర్వపుదని పండితులు పలువురు చెప్పుదురు. విల్లు, గొడ్డలి ఈ నేలకు ప్రాతచుట్టములు. తుపాకి తరువాత వచ్చినది. ఆ తుపాకులలో మీట తుపాకి యను నొక పొట్టి ఆయుధము మన శేషాచలపు అడవుల వఱకు ఎట్లు వచ్చెనో, దానిని ఎన్నుకొన్నవారు ఏమి చూచి యెన్నుకొనిరో నేడు విన్నవించెదను.

దక్షిణదేశపు యుద్ధములలో చేతి తుపాకి పేరు గట్టిగా వినవచ్చినది 1520లో. ఆ సంవత్సరము శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినపుడు పోర్చుగీసు తుపాకివాండ్రు కొందఱు రాయల పక్షమున నిలిచి కోటగోడలపైనున్న వారిని గురిచూచి కొట్టిరి. మనకు మఱింత చేరువగా, పులికాటులో డచ్చివారు 1613లో గెల్డ్రియా యను కోటను కట్టి, తుపాకిమందును తయారుచేయించిరి. పిమ్మట చిత్తూరు సీమ పాళెగాండ్ర బంట్ల చేతులలో ఒత్తి తుపాకులు వెలసినవి.

ఒత్తి తుపాకి వాడుక యెంత కష్టమో పెద్దలు ఊహింపగలరు. గొట్టము మూతినుండి మందు పోయవలెను, పేలిక దూర్చవలెను, గుండు వేయవలెను, కమ్మితో దట్టింపవలెను, ఆపైన వెలుగుచున్న ఒత్తిని తాకింపవలెను. వాన కురిసిన ఒత్తి ఆఱును. ఇంత చేసినను దొరకునది ఒక్క దెబ్బయే. ఆ దెబ్బ తప్పి, లేక తగిలియు చాలక, మృగము మీదికి వచ్చెనా, వేటగాని చేత మిగులునది ఉట్టి గొట్టమే. నాటు తుపాకి యని మనము పిలుచుదానికిని ఈ దోషము విడువలేదు.

ఈ రెండవ దెబ్బ కొఱతను తీర్చుటకే మీట తుపాకి పుట్టినది. అమెరికాలో బెంజమిన్ టైలర్ హెన్రీ యనువాడు 1860లో దానికి పేటెంటు పొందెను. ట్రిగ్గరు చుట్టునుండు ఇనుప వలయమే వెనుకకు సాగి మీట యగును. దానిని క్రిందికి త్రోయగానే కాలిన తూటా డొప్ప వెలుపలికి ఎగురును. తిరిగి పైకి లాగగానే క్రొత్త తూటా గొట్టములో కూర్చుండును. తుపాకి భుజమునుండి దిగనక్కఱలేదు. చూపు గురినుండి మరల నక్కఱలేదు. 1866లోను, 1873లోను వించెస్టరు కంపెనీవారు దీనిని మెఱుగుపఱచి లోకమంతట అమ్మిరి. 1877లో ప్లెవ్నా యుద్ధమున తురుష్కులు ఈ తుపాకులను కూడ వాడి రష్యా సేనలను బహుదినములు నిలిపిరి.

ఆ తొలి తుపాకులలో నొక చిక్కు కలదు. తూటాలు గొట్టము క్రింద మఱియొక సన్నని గొట్టములో ఒకదాని వెనుక నొకటి వరుసగా నుండును. ఒకదాని కొన ముందున్నదాని మందుబిళ్లకు తగులుచుండుటచే, కొన వాడిగానున్నచో ప్రమాదము. అందుచే మొద్దుకొన గుండ్లే వేయవలసివచ్చెను. జాన్ మోసెస్ బ్రౌనింగు అను శిల్పి 1895లో ఈ చిక్కు విప్పెను. తూటాలను ఒకదానిపై నొకటిగా, మీటకు ముందున్న పెట్టెలో పేర్చునట్లు ఏర్పాటుచేసెను. దానితో వాడికొన గుండ్లును, బలమైన తూటాలును మీట తుపాకికి దక్కినవి. మొదటి ప్రపంచయుద్ధమున రష్యా ప్రభుత్వము ఇట్టి తుపాకులను సుమారు 3 లక్షలు తెప్పించుకొనెను.

ఇక పొట్టిదనము మాట. గుఱ్ఱపు రౌతులకై గొట్టమును కుదించి చేసిన తుపాకిని కార్బైను అందురు. సామాన్యమైన వించెస్టరు గొట్టము 24 అంగుళములైనచో, కార్బైనుది 20 అంగుళములు. ఈ కొద్ది తగ్గుదలకే ఇంత విలువ యేలనని అడుగవచ్చును. మన కొండలలో దారి యనునది పశువుల జాడ మాత్రమే. ఇరువైపుల ముండ్లపొదలు, తీగెలు, ఎఱ్ఱచందనపు మొక్కలు. నిడుపు గొట్టము కొమ్మలకు తగులుకొనును. మంచెమీద త్రిప్పుటకు వీలుగాక ఆకులు అలికిడి చేయును. పొట్టిది తేలికగా తిరుగును. అయితే గొట్టము తగ్గినకొలది గుండు వేగము తగ్గును, చప్పుడును మంటయు హెచ్చును, దూరపు గురి కుదురదు. నేలపై బోర్లపండుకొని కాల్చువానికి మీట నేలకు తగులును. కావున మైదానములో ఇది తగదు. దట్టమైన అడవిలో, నూఱు గజములకు లోపున, నిలువబడియో కూర్చుండియో కాల్చువానికి తగును. ఆయుధమును ఎన్నుకొనుట యనగా మొదట తాను నడువబోవు నేలను తెలిసికొనుటయే.

మన దేశమున ఎన్నికకు మఱియొక కట్టుబాటు కూడ నుండెను, అది చట్టము. 1878 నాటి ఆయుధముల చట్టము భారతీయునికి లైసెన్సు లేక తుపాకి కూడదనెను. ఐరోపావారికి మాత్రము మినహాయింపు నిచ్చెను. సైన్యపు తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కునను భయముతో 1907 ప్రాంతమున 450 రకపు తుపాకులను కూడ ప్రభుత్వము ఇచటికి రానీయక ఆపెను. పెద్దమృగములకు చాలునట్టిదై, నిషేధమునకు లోబడనట్టిదై యుండు తుపాకి కావలసివచ్చెను. రెండు గొట్టముల ఇంగ్లీషు తుపాకులు సంస్థానాధిపతులకే అందు వెల. 1904లో వెలువడిన 405 వించెస్టరు తూటా ఈ రెండు చిక్కులను దాటినది. దాని గుండు బరువు 300 గ్రెయినులు, అనగా మన తులము కొలతలో ఒకటిన్నరకు మించును. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోరు రూజ్వెల్టు ఆఫ్రికాకు పోయి సింహములపై దీనినే ప్రయోగించెను.

ఇదే 405 తుపాకి మన కొండలలోను మ్రోగినది. సికిందరాబాదు చేరువ బొలారములో 1910లో పుట్టి, బెంగుళూరున నివసించి, 1974లో మరణించిన కెన్నెత్ ఆండర్సన్ అను వేటగాడు 1895 నమూనా 405 వించెస్టరునే నమ్ముకొని తిరిగెను. చంద్రగిరికి ఆవలనున్న చామల లోయలోని పెద్దపులిని గూర్చియు, రేణిగుంటనుండి కడపకు పోవు రైలుదారిలోని మామండూరు పులిని గూర్చియు ఆయన 1950 తరువాతి గ్రంథములలో వ్రాసెను. రేణిగుంటలో చీలు రైలుదారులలో ఒకటి మామండూరునకు, మఱియొకటి మన ఏర్పేటికి వచ్చును గదా! ఆ కథలు మనకు పొరుగింటి కథలే.

కొన్న తుపాకిని కొన్నట్లే వాడు వేటగాడు అరుదు. ఇనుప మడమ భుజమును గ్రుద్దును గనుక దానికి రబ్బరు మెత్త వేయింతురు. మడమ నిడుపైనచో చేతి కొలతకు కోయింతురు. చీకటిలో కానవచ్చుటకై గొట్టపు కొననున్న గురి బొడిపెకు తెల్లని పూస అమర్తురు. రాత్రి మంచెపై కూర్చుండువారు గొట్టమునకు టార్చిలైటును బిగింతురు. చేతులు ఖాళీగా నుండుటకు భుజమునకు తోలుపట్టె తగిలింతురు. ఇవి యన్నియు అలంకారములు గావు. ఒక్కొక్క మార్పునకును ఉద్దేశము ఒక్కటే: మొదటి దెబ్బ తప్పరాదు.

ఏల తప్పరాదు? ఇదియే నేను ముఖ్యముగా చెప్పదలచినది. 1907లో జిమ్ కార్బెటు కుమావూను కొండలలో చంపిన చంపావతు ఆడుపులి 436 మందిని పొట్టనబెట్టుకొనెనని లెక్క. చచ్చిన పిమ్మట దాని నోరు చూడగా కుడివైపు కోఱలు విఱిగియుండెను. అది పూర్వమెవ్వడో కాల్చిన తుపాకిదెబ్బ ఫలమని కార్బెటు గ్రహించెను. కోఱ విఱిగిన పులి అడవిమృగమును పట్టజాలక మనుష్యునిపై పడినది. ఎవడో ఒకనాడు చాలని తుపాకితో, కుదురని గురితో కాల్చి యింటికి పోయెను. ఆ తప్పునకు వెల చెల్లించినవారు గడ్డికి, కట్టెలకు పోయిన పల్లెల ఆడువారును బిడ్డలును. పంటపొలము గట్టున నాటు తుపాకి ప్రేల్చువాడు ఈ మాట మఱువరాదు. చేతిలోని ఆయుధము చాలనిదైన అది అపాయమును పోగొట్టదు. క్రొత్త అపాయమును కనును.

కాలము మాఱినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట నేరమైనది. 1989లో శేషాచలపు అడవులలో శ్రీవేంకటేశ్వర జాతీయవనము ఏర్పడినది. మామండూరు కొండలు నేడు మృగములకు ఆశ్రయము. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిని ఒక చిన్నబిడ్డను చిరుత చంపినపుడు మన గుండెలన్నియు కలగినవి. అపుడు అటవీశాఖవారు తుపాకి యెత్తలేదు. బోనులు పెట్టి చిరుతలను పట్టిరి. దేవస్థానమువారు నడచిపోవు భక్తులకు చేతికఱ్ఱ లిచ్చిరి.

వింటినుండి ఒత్తి తుపాకికి, దానినుండి మీట తుపాకికి, తుదకు మరల చేతికఱ్ఱకు వచ్చితిమి. ఇది వెనుకడుగని కొందఱు తలపవచ్చును. నేనట్లు తలపను. మంచి వేటగాడు తుపాకిని ఎన్నుకొనునపుడు చూచినది తన బలమును గాదు. తన తప్పు వలన ఇతరులకు కలుగు కీడును. ఆ వివేకమే నేడు బోనుగా, కఱ్ఱగా మన చేతికి వచ్చినది. మీ యిండ్లలో చూరున చెక్కిన ప్రాత తుపాకి యున్నచో, దాని కథను మనుమలకు చెప్పుడు. లైసెన్సు లేనిదైనచో దానిని ప్రభుత్వమునకు అప్పగింపుడు.