కాంటెస్సా - ఆక్టేవియా

విశాఖపట్నంలో ఇనుమును కాపాడుకొనుట నిత్యకృత్యము. సముద్రపుగాలిలోని ఉప్పు లోహముపై పేరుకొని తేమను పట్టి ఉంచును. ఆ తేమవలన ఉక్కు తుప్పు పట్టును. 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడిన నాటినుండి ఇక్కడి పనివారికి ఈ పోరాటము పరిచితమే. ఇట్టి పట్టణములో పాతకారును ముచ్చటపడి దాచుకొనదలచిన గృహస్థుడు దాని వేగముతోపాటు మన్నికనుకూడ యోచింపవలసి ఉన్నది. కుటుంబమంతయు కూర్చుండుటకు అనువై, వేగములోనూ పేరుపొందిన రెండు కార్లను ఆ దృష్టితో పోల్చి చూతము. ఒకటి పర్మిట్ల కాలమునాటి కాంటెస్సా. రెండవది ఆర్థిక సంస్కరణల తరువాత వచ్చిన ఆక్టేవియా ఆర్.ఎస్.

కాంటెస్సాకు మూలము 1970ల నాటి ఇంగ్లీషు కారు వాక్స్‌హాల్ విక్టర్. దాని అచ్చులను హిందూస్థాన్ మోటార్స్ వారు కొని, కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో 1984లో ఈ కారును వెలువరించిరి. దేహము విశాలమైనదే, కాని అందులో అమర్చినది అంబాసిడర్ ఇంజను. 1489 ఘన సెంటీమీటర్ల ఆ ఇంజను సుమారు 50 అశ్వశక్తిని మాత్రమే ఇచ్చెను. పెద్దబండికి ఒంటియెద్దును కట్టినట్లయినది! ఆ దశాబ్దములోనే జపానువారి ఇసుజు ఇంజను వచ్చి ఈ లోటు తీర్చినది. 1817 ఘన సెంటీమీటర్లు, సుమారు 88 అశ్వశక్తి, అయిదు గేర్లు. నాటి మన రోడ్లపై అది ఘనమైన విషయమే. 2002లో కాంటెస్సా ఉత్పత్తి ఆగిపోయినది.

మరి రెండేండ్లకు, 2004లో, ఆక్టేవియా ఆర్.ఎస్. మన దేశములో అడుగిడినది. దీని ఇంజను 1781 ఘన సెంటీమీటర్లు, అనగా కాంటెస్సాకంటె 36 తక్కువ. శక్తియో, 150! చిన్నదైన ఇంజనుకు ఇంత బలమెట్లు వచ్చినది? పొగగొట్టమున వృథాగా పోవు వాయువుచేత ఒక చిన్న చక్రమును త్రిప్పించి, ఆ చక్రముతో సిలిండరులోనికి గాలిని అదనముగ నెట్టించిరి. దీనినే టర్బో అందురు. గాలి పెరిగినప్పుడు ఇంధనమునుకూడ ఎక్కువగ మండింపవచ్చును. కాంటెస్సా ఇంజనులో ఎనిమిది కవాటములుండగా, ఇందులో ఇరువది. పెట్రోలు పాలును నిర్ణయించు పని కార్బ్యురేటరునుండి ఎలక్ట్రానిక్ పరికరమునకు మారినది.

ఈ రెండవ కారుతో విశాఖకు ఒక తీరని ఆశకూడ ముడిపడి ఉన్నది. ఆక్టేవియాను తయారుచేసిన స్కోడా, జర్మనీలోని వోక్స్‌వాగన్ సముదాయమునకు చెందినది. 2005లో వోక్స్‌వాగన్ కర్మాగారము విశాఖకు వచ్చునని ఆంధ్రులు ఎదురుచూచిరి. 2006లో ఆ సంస్థ పూనా చేరువనున్న చకాన్‌ను ఎన్నుకొన్నది. విశాఖ ఉక్కు కర్మాగారములో కడ్డీలు, తీగచుట్టలు, దూలములు తయారగుచున్నవి. కారు దేహమునకు వలయు పలుచని రేకు ఇక్కడి ఉత్పత్తి కాదు.

ఇక దాచుకొనుటకు ఏది మేలు? కాంటెస్సా ఇంజనును అనుభవజ్ఞుడైన మేస్త్రి చెవితో విని, పానాతో సరిచేయగలడు. దాని రేకును తుప్పునుండి కాపాడుటయే కష్టము. ఆక్టేవియా లోపమును తెలుసుకొనుటకు కంప్యూటరు కావలెను. ఎలక్ట్రానిక్ భాగము చెడినచో క్రొత్తది దొరికినగాని బండి కదలదు. శక్తి పెరిగినకొలది యంత్రము యజమాని చేతికి దూరమైనదని మా అభిప్రాయము. కనుక కారును దాచదలచినవారు దానిని బాగుచేయు విద్యనుకూడ కాపాడవలెను. ఆ మేస్త్రి దగ్గర ఒక కుర్రవాడు పని నేర్చుకొనినచో, ఆ కారుకు మరొక తరము ఆయుర్దాయము దొరకినట్లే.