మేయరు కుర్చీలో మన ఆడవాళ్లు

నగరానికి మేయరు ప్రథమ పౌరుడంటారు. ప్రథమ పౌరురాలు అనే మాట వినబడడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఇవాళ ఆ సంగతే కాస్త ముచ్చటించుకుందాం.

హైదరాబాదు నగరానికి మొదటి మేయరు మాడపాటి హనుమంతరావు గారు. 1951లో ఆ పదవిలోకి వచ్చారు. ఆంధ్ర పితామహుడని పేరుపొందిన మనిషి. అయితే నన్నడిగితే, మేయరుగా ఆయన చేసిన పనుల కంటె అంతకు ఇరవై మూడేళ్ల ముందు చేసిన పనే పెద్దది. 1928లో నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి పెట్టించారు. నిజాం రాజ్యంలో పై చదువులు ఎక్కువగా ఉర్దూలోనే. మరి తెలుగులో చదివిన పిల్లకు పరీక్ష ఎవరు పెడతారు? అందుకని పూనాలో కార్వే పండితుడు స్త్రీల కోసం స్థాపించిన విశ్వవిద్యాలయంతో ఆ బడిని ముడిపెట్టారు. హైదరాబాదు పిల్ల సొంత భాషలో చదువుకుంటే సర్టిఫికెట్టు పూనా నుంచి రావాలన్నమాట! ఆడవాళ్లు మేయర్లయిన కథకు నేనైతే ఆ బడినే మొదటి మెట్టు అంటాను.

ఇతర దేశాల్లో మాత్రం పూలదండలతో పిలిచారనుకుంటున్నారా? అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో అర్గోనియా అని చిన్న ఊరు. 1887లో అక్కడి ఆడవాళ్లకు పట్టణ ఎన్నికల్లో ఓటు వచ్చింది. అది నచ్చని కొందరు మగవాళ్లు, నలుగురిలో నవ్వులపాలు చేద్దామని సుసానా సాల్టర్ అనే ఇరవై ఏడేళ్ల ఇల్లాలి పేరు మేయరు పోటీలో పెట్టేశారు. ఆమె గెలిచి కూర్చుంది! అమెరికాలో తొలి మహిళా మేయరు ఆవిడే. ఏడాది పనికి జీతం ఒక్క డాలరు.

మన దేశంలో 1957లో మద్రాసుకు తారా చెరియన్ గారు మేయరయ్యారు. హైదరాబాదులో ఆ గౌరవం 1962లో వనపర్తి రాణి కుముదినీ దేవి గారికి దక్కింది. అదే సంవత్సరం వనపర్తి నుంచి శాసనసభకూ గెలిచారు. రాణి గారంటే పట్టుచీరలో సన్మానాలకు వెళ్లే మనిషి అనుకోకండి. అంతకుముందే, 1958లో, కూకట్‌పల్లిలో కుష్టురోగుల కోసం శివానంద ఆశ్రమం నెలకొల్పారు. ఆ రోగమంటే జనం ఆమడ దూరం పారిపోయే రోజులవి. ఆ దశాబ్దంలోనే సరోజినీ పుల్లారెడ్డి గారు కూడా మేయరయ్యారు.

అప్పట్లో మేయరు పదవి ఒక్క ఏడాదే. ఏ వీధికి నల్లా లేదో తెలుసుకునే లోపలే దిగిపోవాలి. సభ నడిపేది మేయరు, ఫైలు మీద సంతకం పెట్టి పని చేయించేది కమిషనరు. ఇంటి పెత్తనం అత్తగారిదీ, వంటచాకిరి కోడలిదీ అన్నట్టు! ఇక 1970 నుంచి 1986 దాకా హైదరాబాదులో ఎన్నికలే లేవు. మేయరూ లేడు, అడిగే కార్పొరేటరూ లేడు. పదహారేళ్లు అధికారులదే రాజ్యం.

1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సభల్లో ఆడవాళ్లకు మూడోవంతు స్థానాలిచ్చింది. తర్వాత తెలంగాణలో అది సగమైంది. రాణివాసం నుంచే కాక మామూలు ఇళ్లలోంచీ ఆడవాళ్లు రావడం అప్పుడు మొదలైంది. 2000లో విజయవాడ జనం పంచుమర్తి అనూరాధ గారిని నేరుగా ఓటువేసి మేయరును చేశారు. ఆవిడ వయసు అప్పుడు ఇరవై ఆరు. గ్రేటర్ హైదరాబాదుకు 2009లో బండ కార్తీకరెడ్డి గారు, 2021లో గద్వాల విజయలక్ష్మి గారు ఎన్నికయ్యారు. నిజామాబాదుకు 2014లోనూ 2020లోనూ వరుసగా ఆడవాళ్లే.

'పేరు ఆమెది, పెత్తనం ఆయనది' అనే మాట కూడా ఉంది. కొన్నిచోట్ల అది నిజమే, కాదనను. కానీ అర్గోనియాలో పేరు పెట్టినవాళ్లూ అలాగే అనుకున్నారు కదా!

మన కరీంనగరం 2005లో కార్పొరేషనయింది. అక్కడ 2014లో మేయరైన సర్దార్ రవీందర్‌సింగ్ గారి హయాంలో, 2019లో, పేదింట చావు జరిగితే ఒక్క రూపాయికే అంత్యక్రియలు జరిపించే ఏర్పాటు వచ్చింది. మేయరు మనసు పెడితే ఏం చేయొచ్చో చూపే పని అది.

మా శ్రీరాంపూర్ సంగతి వేరు. బొగ్గు గనుల ఊరు. క్వార్టర్లలో నీళ్లు రాకపోయినా, మోరీ పొంగినా కంపెనీ ఆఫీసుకే పరుగెత్తడం మనకు అలవాటు. 2018లో నస్పూర్ మునిసిపాలిటీ అయింది, 2025 జనవరిలో దాన్ని మంచిర్యాల కార్పొరేషనులో కలిపారు. అంటే మనకూ మేయరు కుర్చీ ఒకటి ఏర్పడింది. క్వార్టరు లోపలి పనికి కంపెనీ, బయటి వీధికి కార్పొరేషను. అర్జీ కమిషనరు గారి పేర రాసి, ఒక నకలు మీ వార్డు కార్పొరేటరుకివ్వండి. తీసుకున్నట్టు రెండోదాని మీద ముద్ర వేయించుకోవడం మరవకండి.