పడవ గేర్‌బాక్స్‌కు కరెంటు మోటారు

పడవలో ఇంజనుకూ ప్రొపెల్లర్‌కూ నడుమ ఉండే గేర్‌బాక్స్‌కు నాలుగు పనులున్నాయి. ఇంజను వేగాన్ని తగ్గించి ప్రొపెల్లర్‌కు అందించడం ఒకటి, ప్రొపెల్లర్‌ను వెనక్కి తిప్పడం రెండోది. ఇంజను ఆగకుండానే పడవను నిలిపి ఉంచేందుకు న్యూట్రల్ ఇవ్వడం మూడోది. నాలుగోది పైకి కనిపించదు. తిరిగే ప్రొపెల్లర్ నీటిని వెనక్కి నెడుతూ షాఫ్ట్‌ను ముందుకు తోస్తుంది. ఆ తోపును భరించి పడవ చట్రానికి అందించే బేరింగ్ చాలా చిన్న పడవల్లో గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది. డీజిల్ ఇంజను తీసేసి, ఆ చోట కరెంటు మోటారు పెట్టి, పాత గేర్‌బాక్స్‌ను అలాగే వాడుకోవడం కొన్ని దశాబ్దాలుగా సాగుతోంది. ఈ నాలుగు పనుల్లో మోటారుకు నిజంగా అక్కరకొచ్చేవి ఏవో తెలియాలంటే గేర్‌బాక్స్ ఎవరి కోసం పుట్టిందో చూడాలి.

విద్యుత్తుతో నడిచిన తొలి పడవల్లో దాని ఊసే లేదు. 1838లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మోరిట్జ్ హెర్మన్ యాకోబి తన మోటారును ఒక పడవకు బిగించి, డజను మందిని ఎక్కించుకుని నేవా నదిలో నడిపాడు. జింకు, రాగి పలకల జతలు 320 కలిపిన బ్యాటరీ దానికి ఆధారం. మోటారు తిప్పింది ప్రొపెల్లర్‌ను కాదు, తెడ్డుచక్రాలను. పడవ మనిషి నడకకన్నా నిదానంగా సాగింది. మరుసటి ఏడు ప్లాటినం పలకల బ్యాటరీతో వేగం కొంత పెరిగింది గానీ, జింకును తినేసి కరెంటునిచ్చే ఆ బ్యాటరీలు ఖర్చులో ఆవిరితో పోటీకి నిలవలేకపోయాయి.

తిరిగి ఛార్జి చేసుకోగల సీసపు బ్యాటరీలు చేతికందాక పరిస్థితి మారింది. 1882 సెప్టెంబరులో లండన్‌లో థేమ్స్ నదిపై ‘ఎలక్ట్రిసిటీ’ అనే లాంచీ నడిచింది. దాన్ని రూపొందించింది ఆంథనీ రెకెన్‌జాన్. 45 బ్యాటరీ సెల్లులు, రెండు సీమెన్స్ మోటార్లు అందులో ఉన్నాయి. మోటార్లు వడిగా తిరిగేవి, ప్రొపెల్లర్ నిదానంగా తిరగాలి. అందుకని నడుమ బెల్టులు, కప్పీలు పెట్టి వేగం తగ్గించారు. అంటే గేర్‌బాక్స్ చేసే పనుల్లో మొదటిది తొలినాళ్ల మోటారుకు కూడా తప్పలేదు. రెండోది, మూడోది మాత్రం దానికి అక్కర్లేదు. ఆర్మేచర్‌లో కరెంటు దిశ మారిస్తే మోటారే ఎదురు తిరుగుతుంది, స్విచ్ తీస్తే ఆగుతుంది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలోని చెరువుల్లో, కాలువల్లో యాభైకి పైగా కరెంటు లాంచీలు పది లక్షల మందికి పైగా సందర్శకులను తిప్పాయి.

ఆవిరి యంత్రానికి కూడా ఈ సులువు ఉండేది. కవాటాల అమరిక మారిస్తే అదే ఇంజను వెనక్కి తిరిగేది, నిలిచి ఉన్న చోటి నుంచే పూర్తి బలంతో కదిలేది. అందుకే ఆవిరి ఓడల్లో ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను ఇంజనుకు నేరుగా కలిపేవారు. ఈ సంప్రదాయం పెట్రోలు ఇంజనుతో తెగింది. ఆ ఇంజను భారం మీద మొదలుకాలేదు, ఒక కనీస వేగానికి దిగువన నడవలేదు, సులువుగా వెనక్కి తిరగలేదు. 1886లో గాట్‌లీబ్ డైమ్లర్ తన ఇంజనును పడవకు బిగించి నెక్కర్ నదిపై నడిపినప్పుడు, ముందుకు, న్యూట్రల్, వెనక్కి అనే మూడు స్థితులున్న అమరికను కూడా తయారుచేయాల్సి వచ్చింది. పెట్రోలు పేలుతుందేమోనని జనం భయపడతారని ఆ పడవ చుట్టూ తీగలు, పింగాణీ బుడిపెలు అమర్చి కరెంటు పడవలా కనిపించేట్టు చేశారు. ఆ రోజుల్లో ప్రజల నమ్మకం ఎటు ఉండేదో దీన్నిబట్టి తెలుస్తుంది.

డీజిల్ ఇంజను వచ్చేసరికి చిక్కు మరింత పెద్దదైంది. బాకూ చమురు వ్యాపారంలో ఉన్న నోబెల్ సోదరుల కంపెనీ, కిరోసిన్‌ను వోల్గా నుంచి కాలువల మీదుగా సెయింట్ పీటర్స్‌బర్గ్ చేర్చాలనుకుంది. ఆ దారిలో లాకులెక్కువ. ఓడ పదేపదే ఆగాలి, వెనక్కి జరగాలి. అప్పటి పెద్ద డీజిల్ ఇంజన్లకు అది చేతకాదు, అంత శక్తిని మోయగల గేర్లూ లేవు. 1903 నాటి ‘వండాల్’ నౌకలో ఇందుకొక మార్గం కనిపెట్టారు. 120 అశ్వశక్తి గల మూడు డీజిల్ ఇంజన్లు ఒకే దిశలో, ఒకే తీరున తిరుగుతూ జనరేటర్లను నడిపేవి. ఆ కరెంటుతో మోటార్లు ప్రొపెల్లర్లను కావలసిన దిశలో, కావలసిన వేగంతో తిప్పేవి. ఇంజను శక్తి కరెంటుగా మారి మళ్లీ కదలికగా మారేసరికి కొంత వృథా అయ్యేది. 1904లో వచ్చిన ‘సర్మాట్’లో ఆ లోపాన్ని సరిచేశారు. ఇటలీ ఇంజనీరు డెల్ ప్రొపోస్టో పద్ధతిలో, ఓడ ముందుకు వెళ్లేటప్పుడు క్లచ్ ద్వారా ఇంజనే నేరుగా షాఫ్ట్‌ను తిప్పేది. వెనక్కి వెళ్లాల్సినప్పుడు క్లచ్ విడిపించి మోటారుకు పని అప్పగించేవారు. ఇంజనులో లేని గుణాన్ని మోటారు నుంచి అరువు తెచ్చుకున్న ఏర్పాటు ఇది. కరెంటు మోటారు గేర్‌బాక్స్ స్థానంలో పనిచేసిందన్న సంగతి, నేడు దాన్ని గేర్‌బాక్స్‌కు జతచేసేవారు తప్పక తలచుకోదగింది. కొన్నేళ్లకే వెనక్కి తిరగగల డీజిల్ ఇంజన్లు రావడంతో ఈ పద్ధతి వెనకబడింది.

ఒకే షాఫ్ట్‌ను ఇంజను, మోటారు పంచుకునే పద్ధతి జలాంతర్గాములలో స్థిరపడింది. 1900లో అమెరికా నౌకాదళం కొన్న ‘హాలండ్’ నీటిపైన పెట్రోలు ఇంజనుతో, నీటి అడుగున బ్యాటరీ మోటారుతో నడిచేది. తర్వాతి జలాంతర్గాములు డీజిల్‌కు మారినా ఈ జోడీ చాలాకాలం కొనసాగింది.

వేగం తగ్గించే గేర్ల కథ వేరే దారిలో నడిచింది. ఆవిరి టర్బైన్ ఎంత వడిగా తిరిగితే అంత బాగా పనిచేస్తుంది. ప్రొపెల్లర్ పెద్దదై నిదానంగా తిరిగితేనే నీటిని బాగా నెడుతుంది. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి చార్లెస్ పార్సన్స్ ‘వెస్పేసియన్’ అనే పాత సరుకు ఓడను ఎంచుకున్నాడు. ముందు దాని పాత ఇంజనుతోనే బొగ్గు ఖర్చు లెక్కగట్టాడు. తర్వాత బాయిలర్లు, షాఫ్ట్, ప్రొపెల్లర్ అన్నీ అలాగే ఉంచి ఇంజను స్థానంలో టర్బైన్లు, గేర్లు పెట్టాడు. నిమిషానికి 1400 చుట్లు తిరిగే టర్బైన్లు గేర్ల ద్వారా 70 చుట్ల ప్రొపెల్లర్‌ను తిప్పాయి. 1910 నాటి పరీక్షల్లో బొగ్గు వాడకం గణనీయంగా తగ్గింది, గేర్లలో వృథా అయిన శక్తి నూటికి రెండు పాళ్లు కూడా లేదు. మూలయంత్రాన్ని మాత్రమే మార్చి మిగతాది ఉంచుకోవడంలో ఇంతకన్నా నిజాయితీగల ప్రయోగం దొరకడం కష్టం.

పెట్రోలు చవకై, ఇంజన్లు నమ్మదగినవయ్యాక కరెంటు లాంచీలు మూలకు చేరాయి. బవేరియాలోని క్యోనిగ్స్‌జే సరస్సు వంటి చోట్ల మాత్రం నిలిచాయి. అక్కడ 1909 నుంచి కరెంటు పడవలే యాత్రికులను తిప్పుతున్నాయి. మిగతా లోకంలో డీజిల్ ఇంజను, దాని వెనక గేర్‌బాక్స్ కలిసి ఒకే జంటగా స్థిరపడ్డాయి. తోపును భరించే బేరింగ్ ఆ పెట్టెలోకి చేరింది ఈ కాలంలోనే. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో పడవల యజమానులు మళ్లీ మోటారు వైపు చూసినప్పుడు గేర్‌బాక్స్‌ను తీసి పారేయలేకపోవడానికి ముఖ్య కారణం ఈ బేరింగే.

మార్పిడి పని చూడ్డానికి సులువు. ఇంజను వెనక భాగం కొలతలకు సరిపోయే పలకను కోయించి, దాని ద్వారా మోటారును గేర్‌బాక్స్‌కు బిగిస్తారు. మోటారు షాఫ్ట్, గేర్‌బాక్స్ లోపలికి వెళ్లే షాఫ్ట్ ఒకే గీత మీద ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా బేరింగులు వేడెక్కి అరిగిపోతాయి. మోటారు శక్తిని ఎంచుకోవడంలో నీటి స్వభావం తోడ్పడుతుంది. ప్రొపెల్లర్‌కు కావలసిన శక్తి దాదాపు వేగపు ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది కాబట్టి, చుట్లు సగానికి తగ్గిస్తే ఎనిమిదో వంతు శక్తి చాలు. నిదానంగా నడిచే పడవకు పాత డీజిల్ ఇంజనుకన్నా ఎంతో చిన్న మోటారు సరిపోవడం ఇందువల్లే.

చిక్కులు లోపల ఉంటాయి. హైడ్రాలిక్ గేర్‌బాక్స్‌లో క్లచ్‌లను నూనె ఒత్తిడి పట్టి ఉంచుతుంది. ఆ నూనె పంపును తిప్పేది ఇంజను వైపు షాఫ్ట్. మోటారు మరీ నిదానంగా తిరిగితే ఒత్తిడి చాలక క్లచ్ జారుతుంది. మోటారును ఎదురు తిప్పితే కొన్ని రకాల పంపులు పనేచేయవు. అందుకని వెనక్కి తిరగడం తెలిసిన మోటారును కూడా ఒకే దిశలో నడిపి, రివర్స్ పనిని గేర్లకే వదలాల్సి వస్తుంది. తెరచాప పడవ గాలికి సాగుతున్నప్పుడు ప్రొపెల్లర్ తిరిగి బ్యాటరీ నింపడం కూడా కుదరదు, నూనె ఒత్తిడి లేనిదే క్లచ్ కలవదు కదా. అన్నిటికన్నా ప్రమాదం న్యూట్రల్‌తో. ఫోర్క్‌లిఫ్టుల నుంచి తెచ్చిన సీరీస్ మోటార్లను తొలి మార్పిడుల్లో ఎక్కువగా వాడేవారు. భారం లేకపోతే అలాంటి మోటారు వేగం అదుపు తప్పి, ముక్కలయ్యేదాకా పెరుగుతుంది. ఇంజనును కాపాడిన న్యూట్రల్ ఆ మోటారు పాలిట గండమైంది.

శాశ్వత అయస్కాంతాల మోటార్లు, లిథియం బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ కంట్రోలర్లు వచ్చాక ఈ బెడదలు చాలావరకు తగ్గాయి. 2015లో నార్వేలో ‘ఆంపియర్’ అనే కార్ల ఫెర్రీ, 2017లో కేరళలోని వైకోమ్ వద్ద ‘ఆదిత్య’ అనే సౌర పడవ సేవలోకి వచ్చాయి. ఇవి మొదటి నుంచీ మోటారు కోసమే కట్టినవి. పాత పడవల మార్పిడి తక్కువ దూరం తిరిగి రోజూ ఒడ్డుకు చేరే చోట్లనే ముందుగా సాగింది. విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి రోజుల తరబడి వేటకు వెళ్లే మరపడవలకు అది ఇంకా అందుబాటులో లేదు. ఒక లీటరు డీజిల్‌తో ఇంజను ఇచ్చే మూడు, నాలుగు యూనిట్ల పనికి పాతిక కిలోల పైచిలుకు బ్యాటరీ మోయాలి.

నిదానంగా తిరుగుతూనే ఎక్కువ బలమిచ్చే మోటార్లు దొరికే చోట షాఫ్ట్‌ను నేరుగా మోటారుకు కలిపి గేర్‌బాక్స్‌ను తొలగిస్తున్నారు. నూనె, క్లచ్, గేర్ల రాపిడి అన్నీ పోతాయి. తోపును భరించే పని మాత్రం పోదు కాబట్టి, అందుకు ప్రత్యేకంగా థ్రస్ట్ బేరింగును పడవ చట్రానికి బిగించి, దాని వెనక షాఫ్ట్‌ను కలుపుతున్నారు.