శిరస్త్రాణమునకు తాళము

కచేరీ ముందర గాని, సినిమాహాలు ముందర గాని వరుసగా నిలిపియుంచిన మోటారు సైకిళ్లను ఒకసారి పరిశీలింపుడు. ఒకదాని అద్దమునకు హెల్మెట్ తగిలించియుండును. మరియొకదాని పెట్రోలు టాంకుపై బోర్లించియుండును. ఇంకొకదాని యజమాని హెల్మెట్‌ను చేత పట్టుకొని లోనికి పోవుచుండును. నాలుగవవాడు అసలు దానిని తెచ్చియే యుండడు. 'ఎక్కడ పెట్టుదును? ఎవరైన ఎత్తుకొనిపోవుదురు' అని ఇంటనే వదలివచ్చును. బండి దిగిన పిమ్మట హెల్మెట్‌ను ఎక్కడ ఉంచవలెనను ఈ చిన్న ప్రశ్న, బండిపై నున్నంతసేపు అది తలపై ఉండునా లేదా అను పెద్ద ప్రశ్నతో ముడిపడియున్నది.

యుద్ధమున ధరించు శిరస్త్రాణము ప్రాచీనమైనదే. మోటారు సైకిలు నడుపువాని శిరస్త్రాణము మాత్రము ఇటీవలిది. ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో వైద్యుడుగా నుండిన ఎరిక్ గార్డనర్, పడిపోయిన పందెగాండ్రకు తరచుగా తలకు దెబ్బ తగులుటను గమనించి, కాన్వాసు గుడ్డను లక్కతో గట్టిపరచి ఒక టోపీని చేయించెను. 1914 లో మాన్ ద్వీపపు పందెములలో శిరస్త్రాణము తప్పనిసరి అయ్యెను.

సామాన్యులు మాత్రము చాలకాలము దానిని పట్టించుకొనలేదు. 1935 మే 13 న 'అరేబియా లారెన్సు'గా ప్రసిద్ధుడైన టి. ఇ. లారెన్సు మోటారు సైకిలుపై పోవుచు, సైకిళ్లపై వచ్చుచున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి పడిపోయెను. ఆయన తలకు రక్షణ లేదు. ఆరు దినముల తరువాత మరణించెను. ఆయనను పరీక్షించిన వైద్యులలో మెదడు శస్త్రచికిత్సానిపుణుడు హ్యూ కెయిర్న్స్ ఒకడు. శిరస్త్రాణపు ప్రాముఖ్యమును వివరించుచు ఆయన 1941 లో ఒక పరిశోధన వ్యాసమును ప్రకటించెను. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యము, విధి నిర్వహణలో మోటారు సైకిలు నడుపు సైనికులు దానిని ధరించి తీరవలెనని ఆజ్ఞాపించెను. 1973 లో బ్రిటనులో అందరికిని అది శాసనమయ్యెను. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము దానిని విధించినది.

శాసనము వచ్చుటతో కొత్త చిక్కు కూడ వచ్చినది. పందెగాడు పందెము ముగియగానే హెల్మెట్‌ను తనతో కొనిపోవును. సామాన్యుడో, దినమునకు పదిచోట్ల దిగును. అంగడికి, బ్యాంకుకు, ఆసుపత్రికి ఆ గుండ్రని బరువును మోసికొనిపోవుట కష్టము. దానిని బండికే బంధించి పోవలెను. ఇక్కడ మానవుని మరియొక ప్రాచీన ఉపాయము, అనగా తాళము, తోడునకు వచ్చినది.

ప్రాచీన ఈజిప్టులోని కొయ్య తాళమున గడియకు కొన్ని రంధ్రములుండెడివి. పైనుండి చిన్న మేకులు తమ బరువుచేత ఆ రంధ్రములలోనికి జారి గడియను కదలనీయకుండెడివి. తాళపుచెవికి నిలువు పండ్లుండెడివి. దానిని దూర్చి పైకెత్తినచో మేకులన్నియు లేచి గడియ వదులయ్యెడిది. ఈ సూత్రమునే 1848 లో అమెరికాలో లైనస్ యేల్ లోహముతో పునరుద్ధరింపగా, అదే పేరుగల ఆయన కుమారుడు 1861 లో పలుచని రంపపుటంచు తాళపుచెవిని చేర్చెను. సరియైన చెవి దూర్చినప్పుడే మేకులన్నియు ఒకే గీతకు వచ్చి లోపలి స్తంభము తిరుగును. మోటారు సైకిళ్ల తాళములలో మేకులకు బదులు తరచుగా పలుచని రేకులుండును; సూత్రము మాత్రము అదే.

ఎట్టి తాళమైనను కాలమునే కొనిపెట్టును గాని శాశ్వత రక్షణ నీయదు. లండనులో జోసెఫ్ బ్రామా దుకాణమున ఒక తాళము, దానిని తెరచినవానికి 200 గినీల బహుమాన మను ప్రకటనతో ఏండ్ల తరబడి నిలిచియుండెను. 1851 లో హాబ్స్ అను అమెరికను 51 గంటలు శ్రమించి దానిని తెరచెను. ఈ కొలమానముతో హెల్మెట్ తాళములను పరీక్షింపవలెను.

1970 దశాబ్దికి జపాను మోటారు సైకిళ్లలో హెల్మెట్ కొక్కెము సాధారణమయ్యెను. కొన్నింటికి చట్రమున ప్రత్యేకమైన తాళముండును. కొన్నింటికి సీటు క్రింద కొక్కెముండును. హెల్మెట్ పట్టీ చివరనున్న ఉంగరమును దానికి తగిలించి సీటు మూసినచో సీటు తాళమే దానిని కాపాడును. ఇందులో లోహము గట్టిదే. కాని అది పట్టుకొన్నది పట్టీని. ఆ పట్టీ గుడ్డది. 51 గంటలకు బదులు, ఒక కత్తెరకు కొన్ని క్షణములు చాలును. పట్టీ తెగిన హెల్మెట్ తలపై నిలువదు గనుక దొంగకును అది నిరుపయోగమే. కాని యజమానికి ఆ నష్టము తప్పదు.

ఇంతకంటె మేలైనది ఉక్కుతీగ తాళము. నోరు, గడ్డము కప్పు నిండు హెల్మెట్ అయినచో తీగను ముఖద్వారమునుండి దూర్చి క్రిందికి తీసి, బండి చట్రమునకు చుట్టి బిగింపవలెను. అప్పుడు తీగ పట్టుకొన్నది పట్టీని గాక గట్టి చిప్పనే. అద్దపు కాడకు చుట్టిన లాభము లేదు, కాడను విప్పివేయవచ్చును. అన్నింటికంటె సుఖమైనది మూతగల పెట్టె. 1980 దశాబ్దిలో జపాను స్కూటర్ల సీటు క్రింది అర హెల్మెట్ పట్టునంత పెద్దదయ్యెను. అందు వానకు తడియదు, కంటికి కానరాదు.

దొంగ ఒక్కడే శత్రువు కాడు. 1953 లో అమెరికాలో రోత్, లోంబార్డ్ అనువారు పొందిన పేటెంటు నాటినుండి హెల్మెట్‌కు ప్రాణము పైచిప్పకంటె లోపలి మెత్త పొరయని తేలినది. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర తాను నలిగి, తలకు చేరవలసిన శక్తిని హరించును. నేడు దానిని ఎక్కువగా మనమెరిగిన థర్మోకోలు జాతి పదార్థముతోనే చేయుదురు. అద్దపు మొనకు తగిలించినచో ఆ మొన లోపలి పొరను నొక్కి గుంట చేయవచ్చును. పెట్రోలు ఆ పదార్థమును కరగించును గనుక టాంకు మూతపై బోర్లించుటయు మంచిది కాదు. చెడిన పొర చెడినట్లు బయటికి కనబడదు. మరియొక జాగ్రత్త: ప్రక్క కొక్కెమునకు వ్రేలాడుచున్న హెల్మెట్‌తో బండి నడుపరాదు, అది చక్రమునకు తగులుకొని ప్రమాదము తెచ్చును.

తాళము చరిత్రలో మానవుడు ధాన్యమును, ధనమును, పత్రములను దాచుకొనెను. ఈ చిన్న తాళము దాచునది వాని మరుసటి ప్రయాణపు క్షేమమును. బండి నిలుపుచోట హెల్మెట్‌కు భద్రమైన తావు దొరకినచో, దానిని ఇంట వదలి వచ్చుటకు నాలుగవవానికి ఒక కారణము తగ్గును.