నమ్మకం కాదు, లెక్క కావాలి

"ఇన్నేళ్ళుగా రోగుల మధ్యే ఉన్నాం, తట్టు మాకేం వస్తుంది?" అనే ఆస్పత్రి సిబ్బంది ఉంటారు. అమ్మవారికి వేపాకు కట్టేవాళ్ళని విమర్శించే మనం, తెల్లకోటు వేసుకున్న ఈ నమ్మకాన్ని మాత్రం ఎందుకు వదిలేయాలి?

నేను చదివింది బి.కాం., చేసింది రక్షణ శాఖ ఖాతాల్లో ఉద్యోగం. వైద్యం తెలియదు గానీ, ఓచరు లేనిదే బిల్లు పాసవకూడదని తెలుసు. వైద్యంలో అలాంటి లెక్క ఒకటి కలకత్తాలో జరిగింది.

హాఫ్కిన్ కలరా టీకాతో 1893లో భారతదేశం వచ్చాడు. అంతకుముందే, 1892లో, పారిస్‌లో తనకి తానే పొడుచుకుని చూసుకున్నాడు. అది ధైర్యమే, కానీ టీకా పనిచేస్తుందనడానికి రుజువు కాదు. 1894 మార్చి చివర్లో కలకత్తా కాఠాల్ బాగాన్ బస్తీలో కలరా వచ్చింది. అక్కడ రెండు చెరువుల చుట్టూ ఉన్న సుమారు 200 మందిలో 116 మంది టీకా వేయించుకున్నారు. ఆ తర్వాత జబ్బుపడినవాళ్ళు 10 మంది, వాళ్ళలో పోయినవాళ్ళు 7 గురు. పదిమందీ టీకా వేయించుకోనివాళ్ళే!

ఒక్క బస్తీతో ఏదీ తేలిపోదు. అందుకే అతను గయ జైల్లోనూ, అస్సాం తేయాకు తోటల్లోనూ లెక్కలు కట్టాడు. విశేషమేమిటంటే, అతను టీకా లేనివాళ్ళని కూడా లెక్కపెట్టాడు.

తట్టు విషయంలో మన ఆస్పత్రులు చేయాల్సిందీ అదే. ఒకసారి తట్టు వచ్చినవాళ్ళకి రక్షణ చాలా ఏళ్ళు నిలుస్తుందని పానుం 1846లో ఫారో దీవుల్లో చూశాడు. 1781లో తట్టు పోసిన ముసలివాళ్ళకి 65 ఏళ్ళ తర్వాత కూడా మళ్ళీ రాలేదు. కాబట్టి పాతతరం నర్సుల్లో చాలామందికి భయం తక్కువ.

మరి 1990ల్లో పుట్టినవాళ్ళ సంగతి? తట్టు టీకా మన సార్వత్రిక కార్యక్రమంలో 1985లో చేరింది, రెండో డోసు 2010లో గానీ మొదలుకాలేదు. తొమ్మిదో నెలలో వేసే ఒక్క డోసు సుమారు 85 శాతం మందినే కాపాడుతుంది. 2023లో పశ్చిమ బెంగాల్‌లో జరిగిన ప్రత్యేక టీకా కార్యక్రమం 15 ఏళ్ళలోపు పిల్లలకే.

తట్టు వచ్చిన మనిషి, ఒంటిమీద పొక్కులు కనబడక నాలుగు రోజుల ముందునించే ఇతరులకి అంటిస్తాడు. అతను వెళ్ళిపోయాక కూడా గది గాలిలో వైరస్ రెండు గంటల దాకా ఉంటుంది. పిల్లల వార్డులో పనిచేసే నర్సుకి వస్తే, ఇంకా టీకా వయసు రాని పసికందుల గతేమిటి?

పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక రిజిస్టరు చాలు. ప్రతి ఉద్యోగి పేరుకి ఎదురుగా రెండు డోసుల తేదీలో, రక్తపరీక్ష ఫలితమో ఉండాలి. రెండూ లేనివాళ్ళకి, గర్భిణుల వంటి వేయకూడనివాళ్ళని మినహాయించి, టీకా వేయాలి. ఖాళీ గడి ఉంటే "రక్షణ ఉందిలే" అని రాసుకోకూడదు, ఖాళీ అనే రాయాలి. ఆడిట్‌లోనైనా, హేతువాదంలోనైనా మొదటి సూత్రం ఇదే.