చలిదేశంలో ఎండ మంట

ఎండ అంటే మనకు కొత్తా? కరీంనగర్, నిజామాబాద్, రామగుండం వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు చూసి పెరిగిన వాళ్లం. గల్ఫ్‌లో పనిచేసి ఇక్కడికి వచ్చినవాళ్లకైతే చెప్పనే అక్కర్లేదు. అందుకే కెనడాలో 20 డిగ్రీల ఎండను చూస్తే మనకు నవ్వొస్తుంది. చేతులు పైకి మడిచేస్తాం, బ్రేక్‌లో ఎండలోనే కూర్చుంటాం. సాయంత్రానికి మెడ వెనక, ముంజేతుల మీద మంట. రెండో రోజో మూడో రోజో రాత్రి క్యాంపు మంచం మీద వాలగానే దురద. గోకితే మంట, గోకకపోతే నిద్ర లేదు. తెల్లారి ఐదింటికి బస్సు.

ఇంత చల్లటి ఎండకు ఒళ్లు కాలడమేమిటి? రెండు వందల ఏళ్ల క్రితం లండన్‌లో ఎవరార్డ్ హోమ్ అనే సర్జన్ ఇలాంటి ప్రశ్నకే జవాబు వెతికాడు. చర్మాన్ని కాల్చేది ఎండలోని వేడేనని అప్పట్లో అందరి నమ్మకం. హోమ్ తన చేతులనే ఎండలో పెట్టి చూశాడు. ఒక చేతి మీద నల్లగుడ్డ కప్పాడు, ఒకటి వట్టిగా వదిలేశాడు. నల్లగుడ్డ కింద థర్మామీటరు ఎక్కువ వేడి చూపించింది. అయినా ఆ చేతికి ఏమీ కాలేదు. గుడ్డ లేని చేయే కమిలింది. ఈ సంగతి 1821లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

అంటే కాల్చేది వేడి కాదు, ఎండలో ఉన్న ఇంకేదో. దాని జాడ అప్పటికే దొరికింది. 1801లో జర్మనీలోని యేనాలో రిట్టర్ అనే శాస్త్రవేత్త వెలుగును రంగులుగా విడగొట్టి, వెండి ఉప్పు పూసిన కాగితం మీద పడనిచ్చాడు. ఊదా రంగు దాటిన తర్వాత, కంటికి ఏమీ కనిపించని చోట, కాగితం అన్నిటికన్నా ఎక్కువ నల్లబడింది. అవే అతినీలలోహిత కిరణాలు, ఇంగ్లీషు పొట్టిపేరు యూవీ. చర్మాన్ని కమిలించేది ఇవేనని 1889లో స్వీడన్ వైద్యుడు విడ్‌మార్క్ రుజువు చేశాడు.

ఈ కిరణాలు థర్మామీటరుకు అందవు, ఒంటికి కూడా తెలియవు. ఊళ్లో అయితే వేడికి తాళలేక మనమే చెట్టు కిందకు పోతాం. ఇక్కడ గాలి చల్లగా తగులుతుంటే ఎవరు పోతారు? ఫోర్ట్ మెక్‌మర్రే వైపు జూన్‌లో పగలే పదిహేడు గంటల పైన ఉంటుంది. కొత్తగా పడ్డ మంచు కూడా ఈ కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి ముఖం మీదికి కొడుతుంది. మన రంగు కొంత కాపాడుతుంది, నిజమే. పూర్తిగా మాత్రం కాదు.

ఇక మందుల కథ. మన ఊళ్లలో ఒళ్లు కాలితే సున్నపు తేటలో కొబ్బరినూనె వేసి, తెల్లగా వెన్నలా అయ్యేదాకా గిలకొట్టి పూసేవాళ్లు. ఇది మన పల్లెల వైద్యమే అనుకుంటాం కదా! స్కాట్లాండ్‌లో ఫాల్కిర్క్ దగ్గర 1759లో మొదలైన క్యారన్ ఇనుప కర్మాగారంలోనూ ఇదే మందు. కరిగిన ఇనుము చింది కాలిన కూలీలకు సున్నపు తేట, అవిసె నూనె సమానంగా కలిపి రాసేవాళ్లు. ఆ కర్మాగారం పేరు మీదే అది 'క్యారన్ ఆయిల్' అయింది. బ్రిటిష్ వైద్యంతో పాటు కెనడాకూ వచ్చింది. తర్వాత డాక్టర్లు దాన్ని వదిలేశారు. నూనె కాలిన చోట వేడిని పట్టి ఉంచుతుంది, శుభ్రంగా లేకపోతే పుండు చీము పడుతుంది. కమిలిన ఒంటికి వెంటనే కొబ్బరినూనె, వెన్న, నెయ్యి రాయవద్దని ఇప్పుడు చెప్పేది అందుకే.

ఇక్కడి నేలలో పుట్టిన మందు ఇంకొకటి ఉంది. దక్షిణ ఒంటారియో నుంచి నోవా స్కోషియా దాకా అడవుల్లో విచ్ హేజెల్ అనే చిన్న చెట్టు పెరుగుతుంది. మిగతా చెట్లు ఆకులు రాల్చే కాలంలో అది పచ్చటి పూలు పూస్తుంది. ఈ ప్రాంతపు ఆదివాసులు దాని బెరడు, కొమ్మలు కాచి వాపులకు, చర్మ బాధలకు వాడేవారు. అమెరికాలోని యుటికా ఊళ్లో థెరాన్ పాండ్ అనే ఆయన ఒనైడా తెగవారి దగ్గర ఈ కషాయం సంగతి తెలుసుకుని, 1846లో సీసాల్లో పోసి అమ్మకం మొదలుపెట్టాడని చెబుతారు. కాలిన గాయాలకు, ఎండ మంటకు కూడా జనం దాన్ని కొన్నారు. ఆయన పేరు మీద వచ్చిందే పాండ్స్! మన అమ్మలు, అక్కలు పెళ్లిళ్లకు పోతూ రాసుకున్న పాండ్స్ పౌడరు, క్రీముల వంశం మొదలైంది ఈ చెట్టు నీళ్లతోనే. ఇక ఆ ఒనైడాల సంగతి. న్యూయార్క్ రాష్ట్రంలో భూములు పోగొట్టుకుని, వాళ్లలో కొందరు 1840లో సరిహద్దు దాటి ఒంటారియోలోని లండన్ ఊరి దగ్గర థేమ్స్ ఒడ్డున భూమి కొనుక్కుని స్థిరపడ్డారు. వాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడే ఉంది. పేరు మాత్రం పాండ్‌కే దక్కింది.

షాపులో దొరికే విచ్ హేజెల్ నీళ్లలో చాలావాటికి ఆల్కహాలు కలిపి ఉంటుంది. కమిలిన చోట అది చుర్రుమంటుంది, చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది. సీసా మీద చదివి కొనాలి.

గులాబి రంగు క్యాలమైన్ లోషన్ అందరికీ తెలిసిందే. అందులో ఉండేది జింక్ ఆక్సైడ్, ఆ రంగు కొద్దిపాటి ఇనుప తుప్పుది. జింకుకు మన పాత పేరు తుత్తునాగం. దురదకు కాసేపు ఉపశమనం ఇస్తుంది. పొట్టు రాలే దశలో మాత్రం ఎండిన చర్మాన్ని మరీ బిగుతు చేస్తుంది. 1914లో బాల్టిమోర్‌లో బంటింగ్ అనే ఫార్మసిస్టు ఎండ మంటకు ఒక క్రీము తయారుచేశాడు, అదే తర్వాత నాగ్జీమా అయింది. కలబంద పేరు వైద్య పత్రికల్లో మోగింది 1935లో, అదీ ఎక్స్‌రేల వల్ల కాలిన చర్మం మీద వాడినప్పుడు. ఎండ మంట మీద తర్వాత చేసిన పరీక్షల్లో ఫలితాలు ఒకేలా రాలేదు. చల్లగా, హాయిగా ఉంటుంది, రాసుకోవచ్చు. ఈ మందులన్నీ బాధను తగ్గించేవే, చర్మం లోపల జరిగిన నష్టాన్ని వెనక్కి తిప్పేది వీటిలో ఒక్కటీ లేదు.

ఆ నష్టం ఏమిటంటే, కిరణాలు చర్మకణాల లోపలి డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. ఎర్రదనం కొన్ని గంటల తర్వాత మొదలై మర్నాటికి ముదురుతుంది. దెబ్బతిన్న పొర చచ్చి, కింద కొత్త పొర వస్తున్నప్పుడే ఈ దురద. కొందరికి రెండో మూడో రోజున భరించలేనంతగా వస్తుంది, ఇంగ్లీషులో దాన్ని నరకపు దురద అనే అంటారు. మీ పక్క మంచం అబ్బాయి రాత్రంతా లేచి తిరుగుతుంటే నాటకం అనుకోకండి.

అప్పుడు చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. చల్లటి నీళ్లలో (ఐసు నీళ్లు కాదు) పలచటి నూలు గుడ్డ తడిపి పది పదిహేను నిమిషాలు వేయాలి, రోజుకు నాలుగైదు సార్లు. తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ రాయాలి. షిఫ్టు దిగగానే వేడినీళ్ల షవర్ కింద నిలబడితే దురద రెట్టింపవుతుంది. నీళ్లు బాగా తాగాలి. నొప్పికి ఐబూప్రొఫెన్ పనికొస్తుంది కానీ కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఫార్మసిస్టును అడగకుండా మింగవద్దు. అడిగితే డబ్బు తీసుకోరు. తిమ్మిరి ఎక్కించే బెంజోకెయిన్ క్రీములు కొందరికి కొత్త ఎలర్జీ తెస్తాయి, వాటి జోలికి పోవద్దు. బొబ్బలు చిదమవద్దు. జ్వరం, వాంతులు, తల తిరగడం, ఒళ్లంతా బొబ్బలు, వీటిలో ఏది కనిపించినా ఫస్ట్ ఎయిడ్ రూముకు వెళ్లండి, పని పోతుందని దాచుకోవద్దు. డాక్సీసైక్లిన్, బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి మాత్రలు ఎండను త్వరగా తగిలేలా చేస్తాయి. సొంతంగా మానేయకుండా డాక్టరుతో మాట్లాడండి.

నిమ్మరసం మాత్రం వద్దే వద్దు. నిమ్మ తోలు రసం మీద ఎండ పడితే చర్మం బొబ్బలెక్కి నల్లమచ్చలు మిగులుతాయి. ఒంటారియో రోడ్ల పక్కన పచ్చపూల గొడుగుల్లా పెరిగే వైల్డ్ పార్స్‌నిప్ మొక్క పాలు తగిలినా ఇంతే. గడ్డి కోసే పనిలో ఉన్నవాళ్లు చేతులు కప్పుకోవాలి. మన ఆయుర్వేదంలో బొల్లికి బావంచాలు పూసి ఎండలో కూర్చోబెట్టేది కూడా ఇదే జాతి రసాయనం బలంతోనే.

కంటికి, ఒంటికి తెలియని ఈ కిరణాలకు రోజూ ఒక అంకె కట్టి జనానికి చెప్పిన మొదటి దేశం కెనడాయే. ఓజోన్ పొర పలచబడుతోందన్న భయంతో 1987లో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ తర్వాత ఎన్విరాన్‌మెంట్ కెనడా శాస్త్రవేత్తలు కెర్, మెకెల్‌రాయ్, వార్డిల్ యూవీ ఇండెక్స్ తయారుచేశారు. 1992 మే 27న అది వాతావరణ వార్తల్లో చేరింది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ అదే పద్ధతి చెప్పింది. మొదట్లో 10 అనే అంకెకు వాళ్లు పెట్టుకున్న కొలత ఏమిటో తెలుసా? ఉష్ణదేశాల్లో మబ్బు లేని ఎండాకాలపు మధ్యాహ్నం. అంటే మన ఎండే! జూన్, జూలైల్లో టొరంటో, లీమింగ్టన్ వైపు మిట్టమధ్యాహ్నం ఈ అంకె 8, 9 దాకా పోతుంది. వాతావరణ వార్తల్లో డిగ్రీల పక్కనే చెబుతారు. 3 గానీ అంతకు మించి గానీ ఉంటే నిండు చేతుల చొక్కా, హార్డ్ హ్యాట్ వెనక మెడ గుడ్డ, సన్‌స్క్రీన్ కావాలి. పగలు 11 నుంచి 3 గంటల మధ్య బ్రేక్ దొరికితే కూర్చోవలసింది ట్రక్కు నీడలో.